గుమ్మం పక్క మంచం

బయల్దేరిననాడు అతని చేతిలో ఉన్న పెట్టుబడి పెద్దదేమీ కాదు. ఆసుపత్రి డాక్టరు చెప్పిన రెండు చిరునామాలు, మధ్యాహ్నం కొట్టు కట్టేసే వేళ దొరికే కాస్త తీరిక, గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి దాని జాతకం చెప్పగల అలవాటు, ఎంతటి మొండి మనిషినైనా మెత్తబరిచే నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందనేది అందరికీ సామెత, అతనికి వ్యాపారం. దుప్పట్లు, తువ్వాళ్ళు, కర్టెన్ గుడ్డలు అమ్మే ఆ కొట్టు ఇంతకాలం నిలబడింది ఆ నోటి మీదే. బజారులో అతన్ని కొలబద్ద అంటారు. సన్నగా పొడుగ్గా ఉంటాడని కొందరి లెక్క. ప్రతిదాన్నీ కొలిచి చూస్తాడని మిగతావాళ్ళ లెక్క.

నోటితో అమ్మేది తమ్ముడైతే, గల్లాపెట్టె దగ్గర కూర్చుని కళ్ళతో కాపలా కాసేది అక్క. ఆ అక్క ఇప్పుడు ఇంట్లో, నడవాకి ఆనుకున్న గదిలో, కడుపు పట్టుకుని పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. ఇక చేసేదేమీ లేదనీ, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందనీ డాక్టరు చెప్పేశాడు.

"మీ ఆవిడ నడుం చూశావురా?" అంది అక్క. "నన్ను లేపీ లేపీ, నాకంటే ముందు అదే పోయేట్టుంది. నాకో చోటు చూడు. ఆఖరి రోజుల వాళ్ళని చూసుకునే ఇళ్ళుంటాయని ఆయన చెప్పాడుగా."

"ఏం మాటలక్కా అవి?"

"మాటలు నీ శాఖ. నాకు పని కావాలి. వెళ్ళి మంచి సరుకు చూడు. సరుకు విషయంలో నీ కన్ను తప్పదు."

నీ కన్ను తప్పదు అన్న మాట అక్క నోట రావడం అరుదు. అతను దాన్ని జేబులో వేసుకుని బయల్దేరాడు.

మొదటి చిరునామా కొత్త భవనం. గుమ్మం దగ్గరే పెద్ద పూలకుండీ, లోపల చల్లటి గాలి, మెడలో టై కట్టుకున్న మేనేజరు. "రండి సార్. గది చూస్తారా? ఇవాళే చేర్చుకుంటాం," అన్నాడు, ఇంకా ఏ జబ్బో అడగకుండానే. గదిలో మంచం మీద దుప్పటి తళతళలాడుతోంది. కొలబద్ద వంగి అంచు పట్టుకుని చూశాడు. గంజి దిగలేదు, ప్యాకెట్ మడతలు ఇంకా గీతల్లా నిలిచే ఉన్నాయి. ఒక్క మనిషి కూడా పడుకోని దుప్పటి. బయట వరండాలో ఒక గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"ఆ దీపం ఏమిటి?" అన్నాడు.

"లోపలి వాళ్ళు గంట నొక్కితే వెలుగుతుంది సార్. చూడండి, ఎంత అధునాతనమో."

మేనేజరు భోజనం గురించి చెప్పాడు, తోట గురించి చెప్పాడు, సంగీతం వినిపిస్తామని చెప్పాడు. అదంతా చెప్పినంతసేపూ ఆ దీపం వెలుగుతూనే ఉంది, ఆ తలుపు వైపు ఎవరూ రాలేదు. పైన పటారం, లోన లొటారం అనుకుని కొలబద్ద దండం పెట్టి దిగిపోయాడు.

రెండో చిరునామా ఒక పాత ఇల్లు. ముందు గది, వెనక పొడుగాటి హాలు, ఆ వెనక వంటిల్లు. ఆ ఇంటిని నడిపే పెద్ద నర్సు లావుపాటి మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చి, అక్క జబ్బు గురించి ఒకటొకటిగా అడిగింది. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతుంది, ఏ పక్కకి పడుకుంటే కాస్త ఊరట, నోరు ఎండుతోందా, దేనికి విసుక్కుంటుంది, దేనికి నవ్వుతుంది. చివరి ప్రశ్నకి అతను తడుముకున్నాడు. నేను నష్టపోయినప్పుడు నవ్వుతుందండీ అన్నాడు. పెద్ద నర్సు దాన్నీ గుర్తుపెట్టుకున్నట్టే తలూపింది.

"హాలు ఓసారి చూస్తానండీ," అన్నాడు.

"వంటిల్లు చూడండి, ఉతుకుడు చూడండి, స్నానాల గది చూడండి. హాల్లో పడుకున్నవాళ్ళు చూపించే సరుకు కాదు కదా బాబూ."

అతను పెరట్లోకి వెళ్ళి, తీగ మీద ఆరేసిన దుప్పట్లు పట్టుకుని చూశాడు. ఉతికి ఉతికి నూలు వెన్నలా అయిపోయింది. అంచులు మాత్రం ఎక్కడా చిరగలేదు. ఎవరో ఓపిగ్గా మళ్ళీ కుట్టారు. తిరిగి వస్తుంటే హాల్లోంచి పెద్ద నర్సు గొంతు వినిపించింది, ఆయాతో చెబుతోంది. "గుమ్మం పక్క మంచం ఆవిడ ఇవాళ కూడా ఏమీ తీసుకోలేదు. పెదాలైనా తడుపుతూ ఉండు." ఎక్కడో ఫోన్ మోగింది. "చెప్పండి" అని ఒక ఆడగొంతు చురుగ్గా ఎత్తింది.

"ఖాళీ లేదు," అంది పెద్ద నర్సు అతను బయటికొచ్చాక. "ఉన్న మంచాలన్నీ నిండాయి. పేరూ నంబరూ రాసి, మా ఫోన్ నంబరు తీసుకెళ్ళండి."

ఖాళీ లేదన్న మాటతోనే అతని మనసు అక్కడ పడిపోయింది. జనం ఉన్న కొట్లోనే సరుకు బాగుంటుందని అతను చిన్నప్పటి నుంచి నమ్మినవాడు.

ఇక పాత పద్ధతి మొదలైంది. మిల్లు నుంచి మంచి రకం రావలసి ఉంటే, పొద్దున కొట్టు తీస్తూనే గోడౌనుకి ఫోన్ చేయడం అతని అలవాటు. అడగనివాడికి అడుగున ఉన్న ముక్కలే దక్కుతాయి. కాబట్టి మర్నాడు పొద్దున, ఒక చేత్తో షట్టరు లేపుతూ రెండో చేత్తో ఆ పాత ఇంటికి ఫోన్ చేశాడు.

"చెప్పండి," అంది అదే గొంతు.

"నిన్న వచ్చానమ్మా, దుప్పట్ల కొట్టాయన్ని. మంచం ఏమైనా ఖాళీ అయ్యిందా?"

"ఇంకా లేదు బాబూ. రేపు చేయండి."

మర్నాడూ చేశాడు. ఆ తర్వాతా చేశాడు. నాలుగు మాటలు కలిసేసరికి, ఫోన్ ఎత్తే ఆ గుమాస్తావిడ మంచిదిలా ఉంది, మచ్చిక చేసుకోవాలనుకున్నాడు.

"అమ్మా, మీకు పుణ్యం ఉంటుంది. వరసలో మా పేరు కాస్త పైకి జరపండి."

"పేర్లు జరిపే అధికారం నాది కాదు బాబూ. అది పైవాడి సెక్షను."

"ఆయనకి ఫోన్ ఉంటే ఆయనకే చేసేవాణ్ణి."

అవతల గొంతు నవ్వింది. నవ్వులో చిన్న దగ్గు. "ఆ లైను ఎప్పుడూ బిజీయే," అంది.

ఇంట్లో పరిస్థితి నానాటికీ దిగజారుతోంది. మాత్రల మధ్య వ్యవధిలో అక్క దుప్పటి కొస నోట్లో కుక్కుకుని కొరుకుతోంది. కొట్లోంచి తెచ్చిన కొత్త దుప్పటికి పళ్ళ గాట్లు పడ్డాయి. అతని భార్య ఆమెని లేపడానికి వంగి, తనే మోకాళ్ళ మీద కూలబడింది. ఆ కొత్త భవనం మేనేజరు రెండుసార్లు ఫోన్ చేసి, "ఇవాళే తీసుకురండి సార్, బండి మేమే పంపుతాం," అన్నాడు. కొలబద్దకి ఆ ఎర్రదీపం గుర్తొచ్చేది. కానీ అక్క మూలుగు విన్నాక, పోనీ అనిపించేది కూడా.

అలాంటి ఒక పొద్దున, షట్టరు సగం లేపి వదిలేసి, అతను ఫోన్లో గొంతు తగ్గించాడు.

"అమ్మా, మనలో మన మాట. ఆ గుమ్మం పక్క మంచం ఆవిడ ఉంది చూడండి. తిండి మానేసిందని విన్నాను. ఆవిడ… ఎలా ఉంది?"

లైను కట్టయిందేమోననుకున్నాడు.

"ఆవిడా?" అంది గొంతు, అదే చురుకుతో. "నిన్న సాయంత్రం జావ తాగింది. ఇవాళ ఇంకో గరిటె అడిగింది. మొండి ఘటం బాబూ."

"అయ్యో," అన్నాడు కొలబద్ద.

నోట్లోంచి జారిపోయింది. రావలసిన గుడ్డల బేలు ఇంకో దుకాణానికి పోయిందంటే ఎలా అంటాడో, అచ్చం అలాగే అన్నాడు.

"ఏం చేస్తాం చెప్పండి," అంది ఆ గొంతు. "రేపు చేయండి."

ఫోన్ పెట్టేశాక, ఆ అయ్యో గురించి అతను పెద్దగా ఆలోచించలేదు. కొనేవాళ్ళొచ్చారు, తువ్వాళ్ళు చూపించాడు.

తర్వాత ఒక పొద్దున ఫోన్ అటు నుంచే వచ్చింది. "రండి బాబూ. గోడ వైపు మంచం ఖాళీ అయ్యింది. మీ అక్కయ్యని తీసుకురండి."

"చల్లటి కబురు చెప్పారమ్మా! మీ మేలు మరిచిపోను. మీకో మంచి శాలువా తెస్తాను, మాట!"

ఆ గొంతు వెనక ఎవరో ఏడుస్తున్నారు. అతను విన్నాడు. విని కూడా, బండికి ఫోన్ చేయడానికి తొందరపడ్డాడు.

బండివాళ్ళు స్ట్రెచరు ఎత్తుతుంటే అక్క వాళ్ళ చేతులకేసి చూసింది. "మెల్లగా నాయనా. పగిలే సరుకు. తిరిగి తీసుకోబడదు," అంది. వాళ్ళు నవ్వు ఆపుకోలేక గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగారు. కొలబద్ద ముందు నడుస్తున్నాడు, ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో శాలువా. హాల్లో అడుగు పెట్టగానే ఫోన్ మోగింది. గుమాస్తావిడ ఎక్కడుందోనని చూశాడు.

బల్ల లేదు, కుర్చీ లేదు. గుమ్మం పక్క మంచం ఉంది. తలగడ పక్కన స్టూలు మీద నల్లటి ఫోన్, గోడ నుంచి సాగిన వైరు. మంచం మీద పిడికెడు మనిషి, జుట్టు కత్తిరించిన చిన్న తల. ఎముకలు తేలిన చెయ్యి అలవాటుగా రిసీవరు ఎత్తింది.

"చెప్పండి… ఇప్పుడే నిండిపోయింది బాబూ. రేపు చేయండి."

కొలబద్ద కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక స్ట్రెచరు పట్టుకున్నవాళ్ళు, "జరగండి సార్," అన్నారు. ఆవిడ రిసీవరు పెట్టి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"దుప్పట్ల కొట్టాయనేనా? గొంతు విని బొద్దుగా ఉంటారనుకున్నాను," అంది.

అతను ఏదో అన్నాడు. ఏమన్నాడో అతనికే తెలియలేదు. శాలువా చంకలోకి దూర్చేసుకుని, స్ట్రెచరుకి దారి ఇస్తున్నట్టు గోడకి అతుక్కుపోయాడు. జీవితంలో మొదటిసారి అతని నోరు అవసరానికి పనికిరాలేదు.

పెద్ద నర్సు చెప్పింది తర్వాత, వంటింట్లో, అతను అడక్కుండానే. ఆవిడ పనిచేసిందంతా టెలిఫోన్ ఎక్స్చేంజిలోనట. వచ్చిన కొత్తలో రోజంతా గోడకేసి చూస్తూ పడుకునేదట. ఒకరోజు అందరూ పనిలో ఉండగా మోగుతున్న ఫోన్ ఆవిడే పాక్కుంటూ వెళ్ళి ఎత్తిందట. "అప్పుడే వైరు పొడిగించి ఆవిడ పక్కన పెట్టాం. మంచాల సంగతి అడిగేవాళ్ళని నాకివ్వమని చెప్పాను. ఇవ్వదు. అడిగినవాళ్ళకి ఆపరేటరే జవాబు చెప్పాలంటుంది."

అప్పటినుంచి కొలబద్ద ఆ ఇంట్లోకి పెరటి వైపు నుంచి రావడం మొదలుపెట్టాడు. వంటింటి గుండా హాల్లోకి వచ్చి, అక్క మంచం పక్క కూర్చుని, ఆ గుమ్మం వైపు వీపు పెట్టేవాడు. అక్కకి మాత్రం ఆ చోటు నచ్చింది. నొప్పి ముదరకముందే మందు వేస్తున్నారు. ఆయా తడిగుడ్డ వేలికి చుట్టి నోరు తుడిచేటప్పుడు, "ఇప్పుడు ఎడమ బుగ్గమ్మా," అని ముందే చెప్పి తుడుస్తుంది. పక్కకి తిప్పేటప్పుడు ఆయా, పెద్ద నర్సు ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చి, ఒకేసారి తిప్పుతారు. దుప్పటి మీద ముడత పడితే చేత్తో సరిచేసి గానీ కదలరు. అక్క పళ్ళు ఇప్పుడు గుడ్డని కొరకడం లేదు.

"నీ కన్ను తప్పలేదురా," అంది అక్క. ఆ మాట కోసమే ఇంత తిరిగిన మనిషి, అది విని నేలకేసి చూశాడు.

అప్పు ఉంచుకోవడం వ్యాపారికి నిద్ర పట్టని పని. అతను కొట్లోంచి మెత్తటి తువ్వాళ్ళ కట్ట, దుప్పట్ల కట్ట మోయించుకొచ్చి ఇంటికంతటికీ ఇచ్చాడు. పెద్ద నర్సు, "మంచిది, ఆ అలమరలో పెట్టండి," అని మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయింది. ఇక తప్పదని, ఒక మధ్యాహ్నం శాలువా తీసుకుని గుమ్మం పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నేను… ఆ రోజు మీరని తెలీక…"

"తెలిస్తే అడిగేవారు కాదా?"

"లేదమ్మా! తెలిస్తే ఎలా అడుగుతాను?"

"నా సంగతి ఇంకొకరిని అడిగేవారు," అంది ఆవిడ. కోపంగా కాదు, రాంగు నంబరు అని చెప్పినట్టు. "శాలువా కాళ్ళ మీద కప్పండి, చలిగా ఉంది. దీనికీ దానికీ చెల్లు అనుకోకండి. ఎక్స్చేంజిలో మాకు ముందు నేర్పేది ఒకటే బాబూ. అవతలివాళ్ళు ఏం మాట్లాడినా మన గొంతులో తేడా రాకూడదు. నాకు ఎప్పుడూ రాలేదు. మీరు అయ్యో అన్నప్పుడు మాత్రం కొంచెం వచ్చింది. మీరు గమనించలేదులెండి."

అతను శాలువా కప్పాడు. అంచులు సరిచేశాడు. చేతులకి పని అయిపోయాక కూడా కాసేపు సరిచేస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఆవిడ నీరసించిపోతూ వచ్చింది. అక్కా ఆవిడా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి కబుర్లు చెప్పుకునేవాళ్ళు కాస్తా, మాటల మధ్య ఎడం పెరిగింది. ఒక పొద్దున కొలబద్ద అక్కకి జావ పట్టిస్తుండగా ఫోన్ మోగింది. ఆవిడ చెయ్యి రిసీవరు దాకా వెళ్ళింది, ఎత్తలేక దాని మీదే ఆగిపోయింది. ఫోన్ మోగుతోంది. ఆయా స్నానాల గదిలో ఉంది. ఆవిడ తల తిప్పి అతనికేసి చూసి, కనుబొమలు ఎగరేసింది.

"వెళ్ళరా," అంది అక్క.

అతను వెళ్ళి ఎత్తాడు. "హలో."

"నమస్తే అండీ. నిన్న కూడా చేశాను. మా అమ్మ కోసం. మంచం ఏమైనా ఖాళీ…" ఒక ఆడపిల్ల గొంతు, నిద్రలేక బొంగురుపోయిన గొంతు.

ఎదురుగా అక్క చూస్తోంది. పక్కన ఆవిడ చూస్తోంది.

"ఖాళీ ఏమిటమ్మా ఖాళీ? ఇక్కడున్నవాళ్ళు బతికే ఉన్నారు! రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఎవరు పోయారని అడగడానికి నోరెలా వస్తుంది మీకు?"

హాలంతా వినిపించింది. గుమ్మం పక్క మంచం ఆవిడ కళ్ళు మూసుకుంది, దెబ్బ తనకే తగిలినట్టు.

"క్షమించండి," అంది అవతలి పిల్ల. "అలా అనుకోలేదండీ. రోజూ మాట్లాడే అమ్మ ఏరండీ? ఆవిడ బాగానే ఉన్నారా?"

"ఉన్నారు," అన్నాడు. ఇంకేదో చెప్పాలనిపించి, "పొద్దున రెండు చెంచాలు జావ తాగారు," అన్నాడు.

"తాగారా? హమ్మయ్య. మంచిదండీ." ఆ పిల్ల గొంతులో నిజంగానే ఊపిరి వదిలిన చప్పుడు. "నేను మళ్ళీ ఎప్పుడైనా చేయొచ్చా?"

అతను రిసీవరు పెట్టేసి, దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. అదే ఇల్లు, అదే మంచం, అదే జావ. వాళ్ళమ్మ నొప్పితో ఉండగా ఆ పిల్ల హమ్మయ్య అంది.

"పాపం, ఆ పిల్ల మీద ఎందుకురా అలా విరుచుకుపడ్డావు?" అంది అక్క.

అతను గిన్నె తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. చెంచా నింపాడు, మళ్ళీ గిన్నెలోకే వంచాడు.

"నేనూ చేశానక్కా. రోజూ."

"చేస్తావని తెలుసు. నిన్ను గోడౌనుకి ఫోన్ చేయగా చూడలేదా?"

"ఆవిడ సంగతే అడిగాను. ఎలా ఉందని. ఆవిడనే. కోలుకుందని చెబితే…" అతను గుమ్మం వైపు చూడకుండా చెప్పాడు. "అయ్యో అన్నాను."

అతను నష్టపోయినప్పుడు నవ్వే అక్క నవ్వలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆయా వచ్చి ఆమెని ఒత్తిగిలి పడుకోబెట్టి, నడుం కింద తలగడ సర్దింది. అతను లేచి, చల్లారుతున్న గిన్నె పట్టుకుని అంతసేపూ పక్కన నిలబడ్డాడు. నీకోసమే అన్నానక్కా అని ఒక్క మాట అనొచ్చు. అది నిజం కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ పాత సరుకులా మిగిలిపోయింది.

"రేపట్నుంచి పొద్దున్నే వచ్చి ఆ ఫోన్ దగ్గర కూర్చో," అంది అక్క, గోడకేసి చూస్తూనే. "కొట్టు మీ ఆవిడ తీస్తుంది."

"నేనా? నాకేం వచ్చక్కా అక్కడ?"

"ఏమీ రాదనే. ఆవిడ ఉండగానే నేర్చుకో. ముందు వరసలో ఆ పిల్ల నంబరు చూసి ఫోన్ చేసి, పెద్ద నర్సు చేత మాట్లాడించు."

చివరికి లెక్క ఇలా తేలింది. అక్కకి మంచి చోటు దొరికింది, నొప్పి పలచబడింది, రోజూ కాసింత జావ దిగుతోంది. ఆ పిల్ల తల్లిని చూడటానికి పెద్ద నర్సే సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళి, నొప్పి మందు ఎలా వేయాలో నేర్పి వస్తోంది. భార్య నడుం కాస్త నిలబడింది. బజారులో ఇప్పుడు పొద్దుటి బేరాలు ఆమెవే. అతనికంటే మెరుగ్గానే అమ్ముతోందని పక్క కొట్టువాళ్ళు ఎత్తిపొడుస్తున్నారు. కొలబద్దకి దక్కింది గుమ్మం పక్క ఒక స్టూలు. ఫోన్ మోగగానే ఎత్తి "చెప్పండి" అంటాడు. మంచం మీద ఆవిడ కళ్ళు తెరవకుండానే వింటుంది. వినీ, దుప్పటి మీద చూపుడువేలు అడ్డంగా ఊపుతుంది, గొంతులో ఇంకా తేడా వస్తోందని.